జబ్బు మనిషి లెక్కలు

ఆ ఏడాది వానలు వెనక్కి తగ్గి కాఫీ కోతకొచ్చిన మూడు నెలలూ మా చెల్లెలు లుదియా వెనక గదిలో జబ్బుగానే పడుకుని ఉంది.

జబ్బు అనగానే మీరు వేరే అనుకుంటారని ముందే చెప్పేస్తున్నాను. ఆసుపత్రి డాక్టరు ఫిబ్రవరిలోనే ఆమె పోయిందని కాగితం రాసిచ్చాడు. అది ఆసుపత్రి లెక్క. మా తొరాజా కొండల్లో కర్మ మొదలై, మొదటి దున్నపోతు నేలకూలేదాకా మనిషి పోయినట్టు కాదు. అంతవరకూ జబ్బు మనిషే. ఒళ్ళు చెడకుండా మందు సూది వేయించి, మంచి బట్ట కట్టి, ఇంట్లోనే పడుకోబెట్టుకుంటాం. పొద్దున్నే కాఫీ పెడతాం, వేళకి అన్నం పెడతాం, బయటికెళ్తే చెప్పి వెళ్తాం. సముద్రం దాటి పపువాలో ఉన్న చుట్టం రావాలి, బోర్నియోలో ఉన్న చుట్టం రావాలి, పోతులు కుదరాలి. కొందరికి ఏళ్ళు పడుతుంది. లుదియాకి ఆగస్టు అనుకున్నాం.

ఇక ఫోన్లో లెక్కలు నేర్పే సైటు సంగతి. దాన్ని లుదియా ఇంట్లోకి తెచ్చింది నేనే. ఫోన్లో కనిపించిందల్లా చుట్టాల గ్రూపులో పెట్టేయడం నా అలవాటు. వెల్లుల్లి తింటే ఏమవుతుంది, పోతుకి కడుపుబ్బితే ఏం పోయాలి, ఇలాంటివి. లుదియా ఆ గ్రూపులోంచి రెండుసార్లు వెళ్ళిపోయింది, రెండుసార్లూ నేనే మళ్ళీ చేర్చాను. అట్లా పెట్టినవాటిలో ఒకటి, ఆడపిల్లలకి లెక్కలూ సైన్సూ నేర్పే సైటు. మకస్సర్ పట్నంలో కొందరు టీచరమ్మలు కలిసి నడుపుతారు. ఫీజు లేదు. ఒకటే షరతు, కూతురితో పాటు తల్లి కూడా చేరాలి. ఎవరి పేరు వాళ్ళది, ఎవరి పాఠం వాళ్ళది. తల్లి కూడా నేర్చుకుంటుంటే కూతుర్ని మధ్యలో మాన్పించదని వాళ్ళ నమ్మకం. ఇద్దరిలో ఎవరు వరసగా రెండు వారాలు తప్పినా జంట పేరు తీసేస్తారు.

లుదియా నాలుగో తరగతి దాకా చదివింది. నవ్వుకుంటూనే చేరింది. ఆమెకి ఎక్కాలు రావు. పదమూడు పన్నెండ్లు ఎంత అంటే, పన్నెండుని రెట్టింపు చేసి, దాన్ని మళ్ళీ రెట్టింపు చేసి, ఇంకోసారి చేసి, అందులోంచి కావలసినవి ఏరుకుని కలిపేది. కాఫీ డబ్బాలు కొలిచి కొలిచి వచ్చిన పద్ధతి అది. సైటు వాళ్ళు దాన్ని మిగతా తల్లులందరికీ చూపించారు. ఆ వారమంతా మా చెల్లెలు నాతో మాట్లాడిన తీరు చూడాలి. "అన్నయ్యా, నువ్వు ఎంతవరకు చదివావన్నావ్?" అని రోజూ అడిగేది. ఆరో తరగతి అని ఆమెకి బాగా తెలుసు.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వెనక గదిలో మందు వాసనా కాఫీ వాసనా కలిసిపోయి ఉన్నాయి. లుదియా పక్కన చాప మీద మేనకోడలు డమారిస్ కూర్చుని తన పాఠం చేసుకుంటోంది. దానికి పదిహేనేళ్ళు. వాళ్ళమ్మ దిండు పక్కన వాళ్ళమ్మ ఫోను ఉంది. జబ్బు మనిషి వస్తువులు జబ్బు మనిషి దగ్గరే పెడతాం.

"అమ్మా, మావయ్య వచ్చాడు. మళ్ళీ పొగాకు కంపు" అంది డమారిస్.

"జబ్బు మనిషి ముందు నా పరువు తియ్యకే."

"అమ్మకి తెలియని పరువా నీది?"

నేను లుదియాని పలకరించి కూర్చున్నాను. పిల్ల తన ఫోను నా ముందు పెట్టింది.

"ఇది చూడు మావయ్యా. నేను పదహారో పాఠంలో ఉన్నాను. అమ్మ పదిహేడు చేసేసింది."

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. తెరమీద రెండు పేర్లు, ఒకదాని కింద ఒకటి. లుదియా పేరు పక్కన ఆకుపచ్చ గుర్తులు ఏప్రిల్లో ఉన్నాయి, మేలో ఉన్నాయి, మొన్నటి వారానికీ ఉంది.

"అమ్మ తరపున నువ్వు చేస్తున్నావా?"

"ఒట్టు మావయ్యా, అమ్మ ఫోను నేను ముట్టుకోలేదు. ఛార్జింగు పెడతానంతే. బడినుంచి వచ్చేసరికి అమ్మది అయిపోయి ఉంటోంది."

"మరి నానమ్మ?"

"నానమ్మకి ఫోను ఏది తలో ఏది కాళ్ళో తెలీదు."

జవాబుల పెట్టె తెరిచి చూపించింది. ఇరవై ఒకటి పద్దెనిమిదులు ఎంత? పద్దెనిమిది, ముప్పై ఆరు, డెబ్బై రెండు అని రెట్టింపులు వరసగా వేసి, కావలసినవి ఏరి, కలిపి ఉంది. అచ్చంగా లుదియా పద్ధతే.

మావాళ్ళకి జబ్బు మనిషితో మాట్లాడటం కొత్త కాదు. జబ్బు మనిషి లెక్కలు చెయ్యడం కొత్త. లుదియా మొహం చూశాను. పౌడరు రాసి, జుట్టు దువ్వి ఉంది. పెదవులు కొంచెం ఎండి ఉన్నాయి.

"భయంగా లేదే నీకు?" అన్నాను.

"అమ్మకి భయపడతానా?" అంది పిల్ల, పాఠం మీంచి తలెత్తకుండా.

ఇంటికి పోయి నేను ఊరుకుంటానా? ఫోటో తీసిన ఆ జవాబుని ఫేస్‌బుక్కులో పెట్టి రాశాను: మంచం మీదున్నా మా చెల్లెలు పాఠం మానలేదు, చూసి నేర్చుకోండి అని. మా కొండల్లో వాళ్ళకి సంగతి అర్థమై, చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. కింద పట్నాల్లో వాళ్ళకి వేరేగా అర్థమై, వాళ్ళూ అవే బొమ్మలు పెట్టారు. అది చేతులు మారి మారి మకస్సర్ దాకా పోయింది.

వారం తిరక్కుండానే సైటు నడిపే మర్దియా మేడం నుంచి డమారిస్‌కి కబురొచ్చింది. జూలై ఆఖరున మకస్సర్లో సైన్సు బడిలో సీటు ఉంది, హాస్టలుతో సహా మూడేళ్ళు, మీ జంటని అనుకుంటున్నాం, తల్లీకూతుళ్ళతో ఒకసారి వీడియోలో మాట్లాడాలి అని. తల్లి నోటితో సరే అనాలి. అది వాళ్ళ నియమం.

డమారిస్ ఉన్నదున్నట్టు జవాబు పెట్టింది. అమ్మ జబ్బుగా ఉంది, లేచి కూర్చోలేదు అని. ఆ మాటలో అబద్ధం ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

మేడం లుదియా ఫోనుకి గొంతు రికార్డు చేసి పంపింది. డమారిస్ దాన్ని వాళ్ళమ్మ చెవి దగ్గర పెట్టి వినిపించింది. కొత్త మనిషి గొంతు, మెత్తగా. "లుదియమ్మా, ఒంట్లో బాగోకపోయినా మీరు చేస్తున్న పాఠాలు చూస్తుంటే మాకే సిగ్గేస్తోంది. కంగారేం లేదు. కొంచెం తేరుకున్నాక పడుకునే మాట్లాడండి. మీకోసం ప్రార్థన చేస్తున్నాను." గొంతు ఆగిపోయాక కూడా తెర వెలుగు లుదియా చెంప మీద కాసేపు ఉండి ఆరిపోయింది. నాకా గదిలో కూర్చోబుద్ధి కాలేదు.

బయట వాకిట్లో టార్పాలిన్ మీద కాఫీ గింజలు తిరగేస్తూ తీకు అత్త, అంటే డమారిస్ నానమ్మ, అంతా విననే విన్నది.

"ఆ మకస్సర్ ఆవిడొచ్చి ఈ గింజలు తిరగేస్తుందటా?" అంది.

"పిల్ల చదువుకి అత్తా" అన్నాను.

"నువ్వు ఊరుకోవయ్యా. పొద్దస్తమానం ఫోన్లో మొహం పెట్టుకుని ఊరివాళ్ళ ఇళ్ళలో నిప్పులు పోస్తావ్. కర్మ అయ్యాక ఆ గది ఖాళీ అయిపోతుంది. ఇదీ పోతే? నేనూ, మాటా పలుకూ లేని నా కొడుకూ గోడలు చూస్తూ కూర్చోవాలి."

"నానమ్మా, సెలవులకి వస్తాగా."

"ఆఁ, వస్తావ్. పండక్కి వచ్చే చుట్టంలా."

డమారిస్ తండ్రి యూనుస్ పోతుకి గడ్డి వేస్తూ ఒక్క మాటా అనలేదు. ఆయన ఎప్పుడూ అంతే. పెళ్ళినాడు కూడా పాస్టరు రెండుసార్లు అడిగితేగాని అవునని అనలేదు.

పిల్లకి ఆ సీటు ఎంత కావాలో నాకు తెలుసు. మా ఊరి పైన కొండచరియ విరిగిపడిన చోట అది ఆ నెలంతా కర్రలు పాతి, నేల ఎంత జారుతోందో చూసి ఫోన్లో ఎక్కించేది. సైటులో మొదటి పాఠం అదేనట: నువ్వు అనుకున్నది రాయకు, చూసింది రాయి. వర్షం పడ్డాక ఒక కర్ర కదలకపోతే దానికి ఏడుపొచ్చేది. అయినా కదల్లేదనే రాసేది.

జూలై మొదట్లో ఒక మధ్యాహ్నం అగ్గిపెట్టె కోసం వాళ్ళింటి మెట్లెక్కాను. అందరూ తోటలో ఉండాలి. వెనక గదిలోంచి సన్నగా గొణుగుడు వినిపించింది. మగ గొంతు. ఆగిపోయాను.

"పదిహేను రెట్టింపు చేస్తే ముప్పై. ముప్పై రెట్టింపు చేస్తే అరవై. కదా? కాదంటే ఇప్పుడే చెప్పు. తర్వాత నన్ననకు."

కాసేపు నిశ్శబ్దం.

"సరే, అరవై పెట్టేస్తున్నా."

తడిక సందులోంచి చూశాను. యూనుస్ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. కాఫీ మరకల వేలితో లుదియా ఫోను మీద ఒక్కో అంకె నొక్కుతున్నాడు. నొక్కే ముందు ప్రతిసారీ ఆమె మొహం వంక చూస్తున్నాడు. ఊరికే చూడటం కాదు, అడిగినవాడు జవాబు కోసం ఆగినట్టు ఆగుతున్నాడు. చాలాసేపు ఆగుతున్నాడు. బయట కోడి అరిచింది, పక్క తోటలో ఎవరో నవ్వారు, ఆయన కదల్లేదు.

మెట్లు దిగి పోతుల దగ్గర నిలబడ్డాను. ఆయన వచ్చి నన్ను చూశాడు. చూశానని తెలిసిపోయింది.

"రెండు వారాలు తప్పితే పేరు తీసేస్తారట బావా" అన్నాడు.

"సీటు కోసమా?"

"ఏ సీటు?" అన్నాడు నిజంగానే. "మంచాన పడిందని మనిషి పేరు తీసేయడమేంటి? లేచాక ఏమంటుంది నన్ను?"

లేచాక అన్నాడు. మావాళ్ళు కూడా ఆ మాట అనరు. జబ్బు అంటాంగానీ లేస్తుందని ఎవరం అనం.

"పిల్లకి చెప్పవా మరి?"

"దానికి వాళ్ళమ్మ చేస్తోందని ఉంది. ఉండనీ."

నేను ఎవరికీ చెప్పలేదు. నా గురించి తెలిసినవాళ్ళు ఇది నమ్మరు.

ఇక ఆలస్యమైతే సీటు వేరేవాళ్ళకి వెళ్తుందని మేడం రాసింది. ఆదివారం చర్చి అయ్యాక అందరం వెనక గదిలో చేరాం. నేను ఫోను నిలబెట్టడానికి వెదురు బొంగు చీల్చి స్టాండు చేశాను. తీకు అత్త లుదియా బట్ట మడతలు సర్ది, "వచ్చినావిడ ఏమనుకుంటుందో" అని దుప్పటి కూడా మార్చింది. యూనుస్ గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

తెర మీద మర్దియా మేడం కనిపించింది. నలభై ఏళ్ళుంటాయి, తలకి నీలం గుడ్డ. డమారిస్‌ని చూసి నవ్వింది, కర్రల సంగతి అడిగింది, కదలని కర్ర గురించి రాసినందుకు మెచ్చుకుంది. తర్వాత, "అమ్మ ఏరీ? ఒక్కసారి పలకరిస్తాను" అంది.

"ఇక్కడే ఉంది మేడం" అని డమారిస్ ఫోను తిప్పింది.

"లుదియమ్మా, ఎలా ఉన్..."

మాట అక్కడ ఆగింది. మకస్సర్ మనిషికి మా ఆచారం తెలియకుండా ఉండదు. వినడం వేరు, కళ్ళతో చూడటం వేరు. ఆమె చెయ్యి నోటిదాకా వెళ్ళి, తల గుడ్డ సర్దుకుని కిందికి దిగింది. ఫోను పెట్టేస్తుందనుకున్నాను.

పెట్టెయ్యలేదు. గొంతు సవరించుకుని, లుదియా వైపే చూస్తూ అంది. "లుదియమ్మా, మీ అమ్మాయిని మూడేళ్ళు నా దగ్గర చదివించుకుంటానని అడగడానికి వచ్చాను. తల్లి సరే అనాలి. అది నేను పెట్టిన నియమమే. మీరు చెప్పండి."

చెప్పి ఆగింది. నిజంగా ఆగింది.

మేమందరం లుదియా వైపు చూశాం. పైకప్పు వెదురు ఎండకి చిట్లింది. గోడమీద బల్లి కదిలింది. ఆ క్షణంలో ఆమె పెదవి కదిలితే నేను ఆశ్చర్యపోయేవాణ్ణి కాదు. కదులుతుందనే చూశాను.

తీకు అత్త ముక్కు చీది అంది. "జబ్బు మనిషి కదమ్మా, గట్టిగా అనలేదు. సరే అంటోంది."

నేను అత్త మొహం చూశాను. పిల్లని పోనివ్వనని రోజూ తిట్టిన మనిషి. ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. మేడం కూడా ఊపిరి వదిలింది. అయిపోయింది, సీటు వచ్చినట్టే.

"లేదు మేడం" అంది డమారిస్.

అందరం దాని వైపు తిరిగాం.

"అమ్మ ఏమీ అనలేదు. నేను చూస్తూనే ఉన్నాను."

"ఏయ్, నోర్ముయ్" అంది అత్త.

"నానమ్మ చెప్పింది. అమ్మ చెప్పలేదు." గొంతు వణకలేదు. వణికి ఉంటే మాకు బాగుండేది.

మేడం అడిగింది. "మరి ఇన్నాళ్ళు అమ్మ పేరు మీద వచ్చిన పాఠాలు?"

"అవి అమ్మవే" అంది పిల్ల వెంటనే. "నేను ముట్టుకోలేదు. అమ్మ పద్ధతే, చూడండి."

"అవి నేను చేసినవి" అన్నాడు యూనుస్, గుమ్మం దగ్గర నుంచి.

డమారిస్ తండ్రి వైపు తిరిగి చూసింది. నేను దాని మొహం చూడలేక లుదియా వైపు చూశాను, అక్కడా చూడలేకపోయాను.

"నేను చూసిందే రాస్తాను డమారిస్" అంది మేడం చివరికి, చాలా మెల్లగా. "నువ్వూ అలాగే చేశావు." ఫోను చీకటైంది.

యూనుస్ లేచి పోతుల దగ్గరికి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున డమారిస్ వెనక గదిలోకి కాఫీ తీసుకెళ్ళలేదు. తీకు అత్తే తీసుకెళ్ళింది. "మీ అమ్మని నీ నోటితోనే చంపేసుకున్నావుగా, ఇంక నీకేం పని" అంది దాన్ని. అది తోటకి పోయింది. ఆ రోజు కొండచరియ దగ్గర ఒక్కతే కూర్చుని ఉంటే నేను చూశాను. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. మేం ఆగస్టులో ఏడవాల్సిన ఏడుపు అది.

వారంలో సైటు నుంచి కబురు వచ్చింది. జంట పేరు తీసేశారు. డమారిస్ ఒక్కదానికే విడిగా పరీక్ష పెడతామన్నారు, నెగ్గితే సీటు, చేరడం కర్మ అయ్యాకే. పరీక్ష పెట్టిన పట్నం బడికి దాన్ని బైకు మీద నేనే తీసుకెళ్ళాను. నెగ్గింది. ఇంట్లో చెబితే తీకు అత్త, "అట్లాగా" అంది. లుదియా ఫోనులో ఆమె పేరు ఉండిన చోట ఖాళీ ఉంది. యూనుస్ దాన్ని ఒకసారి తెరిచి, చూసి, దిండు పక్కనే పెట్టేశాడు. ఆ మధ్యాహ్నాలు ఆ గదిలోకి వెళ్ళడం మాత్రం మానలేదు. ఇప్పుడు ఫోను లేకుండానే కూర్చునేవాడు. గొణుగుడు వినిపించేది. ఆగడం వినిపించేది.

ఆగస్టులో వెదురు కొట్టాలు లేచాయి, చుట్టాలు వచ్చారు. మొదటి పోతు నేలకూలగానే లుదియా తల పోయినవాళ్ళ దిక్కైన దక్షిణానికి తిప్పారు. అప్పటిదాకా జబ్బు అన్న నోళ్ళన్నీ ఒక్కసారిగా ఏడుపు అందుకున్నాయి. నేనూ ఏడ్చాను. నల్లబట్టలో డమారిస్ వచ్చినవాళ్ళకి కాఫీ అందిస్తూ తిరిగింది, కళ్ళు పొడిగా. కన్నకూతురు ఏడవదేంటని పపువా నుంచి వచ్చిన చుట్టాలు అనుకున్నారు, నాకు వినబడింది. యూనుస్‌కీ వినబడింది. కూతురు కాఫీ పెడితే తీసుకున్నాడు గానీ తలెత్తలేదు. ఆ ఆదివారం తర్వాత ఆయన దానితో మాట్లాడలేదు.

బయల్దేరే పొద్దున బస్సు దగ్గర మేం ముగ్గురమే. తీకు అత్త మెట్లు దిగలేదు. గదులు ఊడుస్తూ ఉండిపోయింది. డమారిస్ సంచి యూనుస్ భుజాన ఉంది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు.

"ఆరోజు చూశానన్నావ్" అన్నాడు యూనుస్ ఉన్నట్టుండి.

పిల్ల ఉలిక్కిపడింది. "ఆఁ నాన్నా."

"ఎంతసేపు చూశావ్?"

"మేడం ఆగినంతసేపూ."

"అది చాలదు" అన్నాడు.

కోపంగా అనలేదు. కోతకి తొందరపడ్డ పిల్లకి గింజ ఇంకా పచ్చిగా ఉందని చెప్పినట్టు అన్నాడు.

డమారిస్ ఆయన దగ్గరికి ఒక అడుగు వేసింది. "నువ్వు రోజూ చూసేవాడివిగా. అమ్మ ఏమైనా అందా నాన్నా?"

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ మనిషి అబద్ధమాడటం నేను ఎరగను. ఆడేంత మాటలే ఆయన దగ్గర లేవు.

"ఒకసారి" అన్నాడు.

సంచి బస్సులోకి అందించి వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఏమందని పిల్ల అడగలేదు. ఇన్నేళ్ళలో నేనూ అడగలేదు. బస్సు కదిలింది. నేను చెయ్యి ఊపాను. డమారిస్ కిటికీలోంచి నన్ను చూడలేదు. వాళ్ళ నాన్న మొహాన్నే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా, మలుపు తిరిగేదాకా.